ధూపోపచారము



దీపము పెట్టువేళ వీధివెంట నడచివచ్చినచో ఏ యింట సాంబ్రాణి వేసిరో మన ముక్కే చెప్పును. తలంటుకొన్న ఆడపిల్లల కురు లారబెట్టుటకు సాంబ్రాణి. బాలింతరాలి గదికి సాంబ్రాణి. చంటిబిడ్డకు నీళ్ళు పోసిన పిమ్మట సాంబ్రాణి. క్రొత్త యిల్లు చేరునప్పుడు గుగ్గిలము. దోమలు ముసరినప్పుడు వేపాకు, వావిలాకు. దిష్టి తగిలినదన్నచో ఆవాలు, ఉప్పు, ఎండుమిరపకాయలు. ఇన్ని సందర్భములలో మనము నిప్పుమీద నేదో యొకటి వేసి పొగ పుట్టించుచున్నాము. ఎందుల కని యెవరైన నడిగినచో "శుద్ధికొఱకు" అని యొక్క మాటలో చెప్పి యూరకుందుము.

ఆ శుద్ధి యనగా నేమి? పొగ దేనిని శుద్ధిచేయును? ఎంత వేయవలెను, ఎక్కడ వేయవలెను, ఎవరిపై వేయరాదు? ఇవి తీరిక వేళ మాటలాడుకొను ప్రశ్నలుగా తోచవచ్చును. మా యింట గడచిన పుష్యమాసమున జరిగిన దానివలన నాకు మాత్రము అవి పసిబిడ్డ యూపిరికి సంబంధించిన ప్రశ్నలైనవి. ఆ సంగతి చెప్పుటకు ముందు దేవుని గదిలో ధూపమున కున్న స్థానమేమో యొకసారి చూతము.

షోడశోపచార పూజ మన కందఱకును నోటికి వచ్చినదే. ఆవాహనము, ఆసనము, పాద్యము, అర్ఘ్యము, ఆచమనీయము, స్నానము, వస్త్రము, యజ్ఞోపవీతము, గంధము, పుష్పము, ఇవన్నియు నైన పిదపనే ధూపము. దాని వెంట దీపము, నైవేద్యము. ఇంటికి వచ్చిన పెద్దకు పీట వేసి, కాళ్ళకు నీరిచ్చి, స్నానము చేయించి, మంచి బట్ట కట్టబెట్టి, గంధము పూసి, పూలిచ్చి, అటుపైన గదిలో పరిమళము నింపుచున్నాము. మురికి పోగొట్టు పని స్నానముతోనే తీరినది. ధూపమువంతు వచ్చునప్పటికి పోగొట్టవలసిన మాలిన్యమేదియు మిగిలి యుండదు. దేవుడు మలినుడని తలచి యెవరును ఆయనకు ధూపము వేయరు గదా! అది ఉపచారము, అనగా గౌరవింపదగిన వారిని సమీపించి చేయు సేవ. సేవ యన్న తరువాత, సేవింపబడువారికి సుఖముగా నుండవలెను. అతిథి దగ్గుచుండగా మన మింకను రెండు పలుకులు నిప్పులో వేసినచో అది ఉపచారము కాదు, అపచారము.

పంచోపచారములలో మఱియొక విశేషము కలదు. గంధమును పృథివీ తత్త్వముగను, పుష్పమును ఆకాశ తత్త్వముగను, ధూపమును వాయు తత్త్వముగను, దీపమును అగ్ని తత్త్వముగను భావించి సమర్పించుచున్నాము. ధూపము వాయువునకు చెందినది. గాలి యాడని చోట దానికి స్థానము లేదు.

చిన్ననాట మా నాయనగారు నన్ను ప్రక్కను కూర్చుండబెట్టుకొని అమరము, రఘువంశము, మేఘసందేశము చెప్పిరి. మేఘసందేశమున యక్షుడు మేఘమునకు ఉజ్జయిని దారి చెప్పుచు, ఆ నగర స్త్రీలు కురులకు వేసికొను ధూపము గవాక్షముల గుండ వెలికి వచ్చుననియు, దానితో నీ శరీరము పుష్టి పొందుననియు ననును. అది చదివిన నాడు నాకు స్త్రీల శృంగారమే కనబడినది. నేడు గృహిణినై చదువుకొన్నప్పుడు గవాక్షములు కనబడుచున్నవి. కాళిదాసు నాటి యిల్లాండ్రు కిటికీలు తెఱచియే ధూపము వేసికొనిరి! గదిలో నిలువ యుండవలసినది పరిమళము, వెలికి పోవలసినది పొగ. ఇంత చిన్న విషయమును మనమెట్లు మఱచితిమో మా యింటి సంగతివలన నాకు తెలిసినది.

మా వారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. మా ఆడపడుచు తొలి కాన్పునకు పుట్టినిల్లగు మా యింటికి వచ్చినది. ఆసుపత్రిలో కాన్పు సుఖముగా జరిగి, మగపిల్లవానితో ఇల్లు చేరినది. అది చలికాలము. బాలింతకు చలిగాలి తగులరాదని గది కిటికీలు మూసి, సందులలో పాతగుడ్డలు క్రుక్కిరి. పిల్లవానికి నలుగుపెట్టి నీళ్ళు పోయుటకు మా వీధిలోనే యున్న ముసలమ్మ యొకతె వచ్చుచుండెడిది. నేర్పుగల మనిషి, ముప్పదేండ్లుగా ఈ వీధి పిల్లల కందఱకు నామె చేతి నీళ్ళే. స్నానము కాగానే కుంపటిలో బొగ్గులు రాజేసి, గదిలోనికి తెచ్చి, గుప్పెడు సాంబ్రాణి వేసి, పిల్లవానిని రెండు చేతులతో ఆ పొగపై నటునిటు త్రిప్పెడిది. పిదప కుంపటిని బాలింత మంచము క్రింద నుంచి తలుపు దగ్గఱగా వేసెడిది. ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి.

నాలుగైదు దినములకు పిల్లవానికి పొడిదగ్గు పట్టినది. పరీక్షించిన వైద్యురాలు మందు వ్రాసియిచ్చి, పొగ తగులనీయవద్దని మఱి మఱి చెప్పినది. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగా పెద్దలు నవ్విరి. "ఆ పిల్ల డాక్టరుకు పెండ్లైనా అయిందో లేదో! సాంబ్రాణి పొగ కూడ పొగేనా?" అనిరి. ఆ రాత్రి నేను పాలు తీసికొని గదిలోనికి పోగా మా ఆడపడుచు నా చేయి పట్టుకొని మెల్లగా చెప్పినది:

"వదినా, ఆ కుంపటి లోపల పెట్టినప్పటి నుంచీ నాకు తల పగిలిపోతోంది. వాంతి వచ్చేటట్టు ఉంటోంది. అమ్మతో చెప్తే, బాలింతతనం అట్లాగే ఉంటుంది, ఓర్చుకో అంటుంది. మీరైనా చెప్పరూ?"

నేను వెంటనే కిటికీ సందులలోని గుడ్డలు లాగి, కుంపటిని పెరటిలోనికి పంపితిని. అర్ధగంటలో నామె తలనొప్పి నిదానించినది. మఱునాడు మా వారు నాకు విషయము తెలియజెప్పిరి. బొగ్గు చాలినంత గాలి లేక మండునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని రక్తవర్ణకము ప్రాణవాయువును పట్టుకొనుట కంటె రెండువందల రెట్లకు పైగా బలముతో ఆ వాయువును పట్టుకొనును. తలనొప్పి, తలతిరుగుడు, వాంతి దాని తొలి గురుతులు. గది మూసి యుంచి నిద్రించినచో మెలకువయే రాకపోవచ్చును. సాంబ్రాణి సువాసనలో నిది దాగియుండుట మఱింత ప్రమాదము. మంచి వాసన వచ్చుచోట కీడు శంకింపము గదా!

ఇక మా అత్తగారితో మాటలాడవలసి యున్నది. ఆమె మొండి మనిషి కాదు. నలుగురు బిడ్డలను కని, పెంచి, ప్రయోజకులను చేసిన యిల్లాలు. ఆమె భక్తిని కించపఱచుట నా యభిమతము కాదు. పసివాని యూపిరితో బేరమాడుటయు కాదు. మధ్యాహ్నము విస్తళ్ళు కుట్టుచు కూర్చున్నప్పుడు కదలించితిని. ఆమె యన్నది:

"నలుగురినీ ఈ పొగలోనే పెంచానమ్మాయీ. ఒక్కరికైనా ఏమైనా అయిందా?"

"అప్పుడు కుంపటి ఎక్కడ పెట్టేవారు అత్తయ్యగారూ?"

"ఎక్కడేమిటి? మండువాలో. గంప బోర్లించి, దాని మీద బట్టలు పఱిచి..." అని ఆమె చేతిలోని ఆకు పట్టుకొని ఆగిపోయినది.

మా పాత యిల్లు గోదావరి సీమలోని మండువా లోగిలి. నడుమ ఆకాశము కనబడును. వాన కురిసిన నీరు మండువాలోనే పడును. అక్కడ వేసిన ధూపము చెంబెడు సేపు నిలిచి, పెంకులమీదుగా పైకి పోయెడిది. ఇప్పుడు మేముండునది సిమెంటు కప్పు, అద్దపు కిటికీలు గల రెండు గదుల యిల్లు. పొగ మారలేదు, కుంపటి మారలేదు, ఇల్లు మారినది. పాత యింటి యాచారమును క్రొత్త యింటిలో నున్నదున్నట్లు జరుపుటలో చిక్కు వచ్చినది. ఈ మాట నేను చెప్పనక్కఱ లేకయే ఆమెకు తోచినది.

ఐనను ఆమె మనసులో నొక సందేహము మిగిలియుండెను. "శాస్త్రంలో ఉన్నదాన్ని మానేయవచ్చునా?" అని యడిగిరి. శాస్త్రములో నేమున్నదో చూపుట నా పని యైనది. మా నాయనగారి పుస్తకములలో చరకసంహిత కలదు. శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున సూతికాగృహమును, శిశువు పోషణమును వర్ణించుచు ఆచార్యుడు ధూపద్రవ్యములను చెప్పినాడు. యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులువు, వస మొదలగువానిని నేతితో కలిపి ధూపము వేయవలెనట. దేనికి? శిశువు బట్టలకు, పడకకు, పఱపునకు, కప్పుకొను దుప్పటికి! ఆ చోట శిశువును పొగమీద పట్టుకొనుమని లేదు. ఆ పట్టికలో పాము కుబుసము కూడ కలదు. దానిని మనమెన్నడో విడిచితిమి. విడిచినందుకు ఏ పెద్దయు మనలను తప్పుపట్టలేదు. పాముకుబుసమును విడువగలిగినవారము బొగ్గు పొగను విడువలేమా?

సుశ్రుతుడును ధూపము చెప్పినాడు. గాయము కట్టిన తరువాత గుగ్గులువు, అగరు, సర్జరసము, వస, తెల్లావాలు, ఉప్పు, వేపాకు, నేయి కలిపి ధూపము వేయుమన్నాడు. వ్రణరోగి యున్నచోట ఆవాలు, వేపాకు, నేయి, ఉప్పులతో దినమునకు రెండుసార్లు, పది దినములు వేయుమన్నాడు. ఎవరికి, ఏ ద్రవ్యము, ఎన్నిసార్లు, ఎన్నిదినములు అను లెక్క కలదు. మనము ఆ లెక్కను మఱచి పొగను మాత్రము జ్ఞాపక ముంచుకొన్నాము.

ఇదంతయు విని మా అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. సాయంకాలము ముసలమ్మ వచ్చి కుంపటి యెత్తబోగా ఆమెయే పిలిచి యన్నది: "శాస్త్రంలో బట్టలకే పొగ వేయమన్నారటే. కుంపటి పెరటి వసారాలో పెట్టు. గంప బోర్లించి పిల్లాడి బట్టలు దాని మీద పఱు. బాగా దులిపి, చల్లారాక తే. వాడి మీద ఏమీ వద్దు." ముసలమ్మకు చిన్నతనము కలుగలేదు, పెద్దరికమునకు లోటు రాలేదు, పిల్లవానికి పొగ తప్పినది. వైద్యురాలి మందును, తెఱచిన కిటికీయు కలిసి వానికి పదిదినములలో దగ్గు నెమ్మదించినది. మా ఆడపడుచునకు తలనొప్పి మఱల రాలేదు.

ఆ దినములలోనే ఆమె నన్ను మఱియొక మాట యడిగినది. "నాకెందుకు వదినా ఈ పొగ? నేనేమైనా మైలపడ్డానా?" ఆ ప్రశ్న నన్ను కలచినది. ఒక ప్రాణికి జన్మమిచ్చి, నొప్పులు పడి లేచిన స్త్రీకి, ఆమె యందు ఏదో దోషమున్నట్లు పొగ పెట్టుట యేమి న్యాయము? ఆమెకు ధూపము వేయదలచినచో దేవునికి వేసినట్లే వేయవలెను. వేడినీళ్ళ స్నానము, ఉతికిన చీర, శుభ్రమైన పడక, కడుపునిండ పథ్యపు భోజనము, కంటినిండ నిద్ర, ఇవి ముందు. ఆ పిమ్మట ఆమెకు ఇష్టమైనచో, గది ఖాళీగా నున్నప్పుడు కొంచెము పరిమళము. ఆమెకు తల తిరుగునన్నచో అదియు వలదు. బాలింత పూజ్యురాలు, దోషిగా చూడదగినది కాదు.

ఈ కాలపు శాస్త్రజ్ఞులు ధూపమును గూర్చి యేమందురో కూడ తెలిసికొనుట మంచిది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ వారు హోమద్రవ్యముల పొగను మూసిన గదిలో పరీక్షించి, గాలిలోని సూక్ష్మజీవుల సంఖ్య మిక్కిలి తగ్గినదని 2007లో ప్రకటించిరి. ఇది విని మనము సంతసింపవచ్చును. పెద్దలు వట్టి భ్రమతో వేయలేదని తెలిసినది. కాని సూక్ష్మజీవులను చంపగల పొగ పసివాని ఊపిరితిత్తులకు మెత్తగా తగులునా? కట్టె కాలినను, కర్పూరము కాలినను, సాంబ్రాణి కాలినను పొగ యందు కంటికి కానరాని నలుసు లుండును. వానిలో పెక్కు నలుసులు తలవెండ్రుక మందములో ముప్పదవ వంతైనను ఉండవు. ముక్కులోని వెండ్రుకలు వానిని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల లోతట్టునకు చేరును. అప్పుడే పుట్టిన శిశువు నిమిషమునకు 30 నుండి 60 మార్లు ఊపిరి తీయును; పెద్దలము 12 నుండి 20 మార్లు. ఒకే గదిలో ఒకే పొగలో నుండినను శిశువు తన శరీరమునకు మించిన భారము మ్రింగుచున్నాడన్నమాట. ఉబ్బసము గలవారికిని, ముదుసలులకును ఇదే హెచ్చరిక వర్తించును.

ఇక నిప్పుమీద వేయు వస్తువును గూర్చి రెండు మాటలు. సాంబ్రాణి, గుగ్గిలము, మహిషాక్షి అని పచారీకొట్టులో అడిగి తెచ్చుకొందుము గాని, అవి వేర్వేఱు చెట్ల జిగురులని తలపము. సాంబ్రాణి సుమత్రా దీవి మొదలగు తూర్పుదేశముల చెట్టు కన్నీరు. బెరడును గాటుపెట్టగా పాలవంటి రసమూరి, కొన్ని నెలలకు గట్టిపడును. అరబ్బు వర్తకులు దీనిని 'లుబాన్ జావీ' యనిరి. జావా సాంబ్రాణి యని యర్థము. ఆ మాటయే ఐరోపా భాషలలో అరిగి అరిగి 'బెంజాయిన్' అయినది. మా వారు బడిలో పిల్లలకు చెప్పు 'బెంజీను' పేరునకును మూలమిదే. దేవుని గదిలోని పలుకునకును, రసాయనశాస్త్రపు పుస్తకమునకును ఇంత చుట్టఱికమున్నదని విని నేనాశ్చర్యపడితిని.

గుగ్గిలము సాలవృక్షపు జిగురు. అమరమున దీనికి 'సర్జరసము', 'రాల' అను పేరులతో పాటు 'యక్షధూపము' అను పేరు కూడ కలదు. మన కొండలలో పెరుగు అందుగుచెట్టు జిగురును ధూపమునకు వాడుదురు. దానిని సంస్కృతమున 'శల్లకి' యందురు. ఏనుగులకు ప్రీతియగుటచే అమరసింహుడు దానికి 'గజభక్ష్య' యని కూడ పేరిచ్చినాడు. ఇక మహిషాక్షి యని యంగడిలో పిలువబడునది గుగ్గులువు. రాజస్థానము, కచ్ఛము, సింధు దేశముల యెండుభూములలో పెరుగు ముండ్లపొద దాని తల్లి. మెల్లగా పెరుగు మొక్క. జిగురు ఎక్కువగా రావలెనని లోతుగా గాట్లు పెట్టినచో కొన్నాళ్ళకే యెండిపోవును. అట్లు యెండి యెండి, తుదకు అంతరించిపోవు ప్రమాదము మిక్కిలి తీవ్రముగా నున్న మొక్కల పట్టికలో 2015లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దానిని చేర్చిరి. గుప్పెడు గుప్పెడు నిప్పులో పోయునప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి రావలెను. ధూపము చెట్టు గాయమునుండి వచ్చిన సొత్తు. కందిగింజంత పలుకు చాలును. పూజగది యంతయు పరిమళించును. పొదుపు ఇక్కడ లోభము కాదు, కృతజ్ఞత.

అంగడిలో ఇప్పుడు కప్పు సాంబ్రాణి యని నల్లని చిన్న గిన్నెలవంటివి అమ్ముచున్నారు. కుంపటి రాజేయు శ్రమ లేదు గనుక మనకును సులువుగా తోచినవి. కాని వానిలో చాల భాగము బొగ్గుపొడి, రంపపు పొట్టు మొదలగునవి. సువాసనకు పైన కలిపిన అత్తరువంటి ద్రవ్యము. పెట్టెమీద నేమేమి కలిపిరో చదువుడు, వ్రాయకున్నచో కొనకుడు. మంచి సాంబ్రాణి పలుకు చేతిలో రుద్దినను తీయని పరిమళమిచ్చును. ముక్కు మండించునది, కంట నీరు తెప్పించునది ఎంత చవుకగా వచ్చినను ఇంటికి తేదగినది కాదు.

శుద్ధి యను మాటకు మన యిండ్లలో మఱియొక విపరీతార్థము కూడ వాడుకలోనికి వచ్చినది. నెలల తరబడి దులపని బూజు, ఎండ చూపని పఱుపు, తడియారని స్నానపుగది. వానినుండి వచ్చు వాసనను కప్పిపుచ్చుటకు ధూపము వేయుదుము. అతిథులు వచ్చు గడియకు అగరువత్తి వెలిగించి, ఇల్లు శుభ్రమైనదని తృప్తిపడుదుము. చీపురు, నీరు, సబ్బు, ఎండ, గాలి చేయవలసిన పనిని పొగ చేయదు. చేయునట్లు కనబడును, అదియే చిక్కు. పూజలో స్నానము ముందును ధూపము వెనుకను వచ్చుటలోని బుద్ధి ఇంటికిని వర్తింపవలెను. ముందు ఊడ్చి, కడిగి, ఎండబెట్టి, తలుపులు తెఱచిన యింటికి చిటికెడు సాంబ్రాణియే చాలును. కడుగని యింటికి బస్తా చాలదు.

ఇంతయు చెప్పి, ధూపమే వలదని నేననుచున్నానని తలపకుడు. అది లేని శుక్రవారము నాకు వెలితిగా నుండును. మా యూరి బజారులో సాయంకాలమున నొక ఫకీరు నెమలియీకల కట్టతో, చేతి ధూపపాత్రతో అంగడి అంగడికి తిరిగి సాంబ్రాణి వేయును. కోమటి కొట్టువారును, మందుల కొట్టువారును లేచి నిలిచి తలవంచి ఆ పరిమళము స్వీకరింతురు. క్రైస్తవుల దేవాలయములందును ధూపమున్నది. మతములు వేఱైనను, కంటికి కనబడని దానికి మర్యాద చేయవలెననిపించినప్పుడు మనుష్యులందఱు సువాసననే యెన్నుకొనిరి. పరిమళము ఎవరి గడపను అడుగక దాటును. ఇట్టి మంచి వస్తువును మన అజాగ్రత్తవలన కీడు చేయునదిగా మార్చరాదనియే నా విన్నపము.

మా యింట ఇప్పుడు జరుగుచున్న పద్ధతిని వ్రాసెదను. ఇష్టమైన సోదరీమణులు అనుసరింపవచ్చును.

ఇల్లు ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, కిటికీలును పెరటి తలుపును తెఱచిన పిదపనే ధూపము. బొగ్గులను వెలుపలనే రాజేసి, పొగ తగ్గి బాగుగా ఎఱ్ఱబడిన తరువాత రెండు మూడు కణికలను మాత్రము ధూపపాత్రలో వేసి లోనికి తెత్తుము. వానిపై ఒకటి రెండు పలుకులు సాంబ్రాణి. దేవునికి చూపి, గదులలో నొకసారి త్రిప్పి, వెంటనే పెరటిలోనికి తీసికొనిపోయి, నీళ్ళు చల్లి నిప్పు ఆర్పుదుము. మంచము క్రింద గాని, తలుపు మూసిన గదిలో గాని, నిద్రించువారి దగ్గఱ గాని కుంపటి యుంచము. ఊయలయున్న గదిలోనికి ధూపపాత్ర పోదు. చంటివాని బట్టలకు ఎండయే మొదటి ధూపము. ఎండ లేని వానకాలమున పెరటి వసారాలో గంపమీద ఆరబెట్టి, దులిపి, పొగవాసన పోయి బట్ట చల్లబడిన పిదప తొడుగుదుము. ఆడపిల్లల తల గాలిలో ఆరిన తరువాత, కావలెనన్నచో దువ్వెనతో దూరమునుండి కొంచెము పరిమళము పట్టింతుము. ముఖము పొగవైపు వంచనీయము. ఇంట దగ్గు, ఆయాసము గలవా రున్న దినమున సాంబ్రాణికి సెలవు. ఆనాడు దేవునికి రెండు పూలు ఎక్కువగా పెట్టుదుము.

పెద్దలతో ఈ విషయము మాటలాడవలసి వచ్చిన కోడండ్రకు నాదొక సలహా. "ఇది మూఢాచారము" అని మొదలుపెట్టకుడు. "అప్పుడు ఎక్కడ వేసేవారు? ఎట్లా వేసేవారు?" అని అడుగుడు. మన పెద్దల జ్ఞాపకములోనే తెఱచిన మండువాయు, ఎండలో ఆరిన బట్టయు నున్నవి. వారు చేసినదానిని పూర్తిగా చేసినచో హాని చాలవఱకు తప్పును. సగము చేయుటవలననే వచ్చినది. మాట వినని చోట మాత్రము మొగమాటము వలదు. పసివాడు తన ఊపిరిని గూర్చి తాను చెప్పుకొనలేడు. వాని పక్షమున మాటలాడవలసినది తల్లియే, తల్లికి నోరు రానప్పుడు ఆ యింటి మఱియొక స్త్రీయే.